చాదస్తమా, ఓసీడీనా? విశాఖలో సరైన థెరపీకి చేరుకునే పద్ధతి

ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) ఉన్నవాళ్ళు నన్ను మొదట అడిగేది ఒకటే: "వైజాగ్‌లో దీనికి మంచి డాక్టరెవరు?" నన్నడిగితే అది మూడో ప్రశ్న. మొదటి రెండూ, అంటే ఇది ఓసీడీయేనా, రోజులో ఎంతసేపు తింటోంది అన్నవి, తేల్చుకోకుండా డాక్టరు గదిలోకి వెళ్తే "కాస్త టెన్షన్‌గా ఉంటోందండీ" అని చెప్పి, పది నిమిషాల్లో మందుల చీటీతో బయటికొచ్చేస్తారు. నేను అలాగే రెండేళ్ళు తిరిగాను. గ్యాస్ దగ్గరా తాళం దగ్గరా నాకు రోజుకి రెండు గంటలు పోయేవి. ఆ మాట మాత్రం సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు.

అందుకే కింది పనులు ఇదే వరసలో చెయ్యండి.

## 1. ముందు చాదస్తాన్నీ ఓసీడీనీ వేరు చెయ్యండి

ఈ జబ్బు దాక్కోవడానికి మనిళ్ళలో చోట్లు ఎక్కువ. చేతులు తెగ కడుగుతుంటే శుభ్రం అంటాం. బయట నుంచి తెచ్చిన ప్రతిదీ తడుపుతుంటే మడి అంటాం. చెంపలు వేసుకోవడం ఆపకపోతే భక్తి అంటాం. ఏదీ కుదరకపోతే "వాడికి చాదస్తంలెండి" అని వదిలేస్తాం.

ఓసీడీ ఒక గానుగ. పిలవని ఆలోచన దూరుతుంది: గ్యాస్ లీకవుతోందేమో. గుండె దడదడలాడుతుంది. దడ తగ్గడానికి వెళ్ళి నాబ్ తిప్పి చూస్తాం. కాసేపు హాయిగా ఉంటుంది. చిక్కంతా ఆ హాయిలోనే ఉంది. చూశాను కాబట్టే ప్రమాదం తప్పిందని మెదడు నేర్చుకుని, మర్నాడు ఇంకా గట్టిగా అడుగుతుంది. ఆ ఆలోచనని అబ్సెషన్ అనీ, దడ తగ్గించుకోవడానికి చేసే పనిని కంపల్షన్ అనీ అంటారు.

ఈ మూడూ చూసుకోండి:

- చేశాక "చాలు" అనిపిస్తోందా? మడి కట్టుకునే బామ్మకి స్నానమైతే మడి అయినట్టే. ఓసీడీ ఉన్నవాళ్ళకి ట్యాంకు ఖాళీ అయినా స్నానం అవ్వదు.
- ఆలోచనలకీ పనులకీ కలిపి రోజుకి గంట దాటుతోందా? దాటకపోయినా ఉద్యోగం, చదువు, కాపురం దెబ్బతింటున్నాయా?
- ఇది అతి అని మీకే తెలిసినా ఆపలేకపోతున్నారా? (కొందరికి ఆ ఎరుక తక్కువగా ఉంటుంది. అంతమాత్రాన ఓసీడీ కాదని కాదు.)

మే నెల ఉక్కపోతలో వైజాగ్‌లో రోజుకి మూడు స్నానాలు చెయ్యడం ఓసీడీ కాదు. పుస్తకాలు వరసగా సర్దుకుని "నాకు కొంచెం ఓసీడీ" అనేవాళ్ళకి ఉన్నదీ ఓసీడీ కాదు.

కడగడం, చూసుకోవడం అందరికీ కనిపిస్తాయి. కనిపించని రకాల గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి.

ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర బండి చిన్నగా కుదిపింది. ఎవరినైనా గుద్దేశానేమోనని వెనక్కి తిప్పుకుని వెళ్ళి చూస్తారు, మళ్ళీ చూస్తారు, రాత్రికి వార్తల్లో యాక్సిడెంట్ల కోసం వెతుకుతారు. ఇది ఓసీడీ.

దేవుడి ముందు నిలబడగానే బూతుమాట మెదులుతుంది. మార్గశిర గురువారం బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి ఊరంతా వెళ్తుంటే ఒక్కరు మాత్రం ఇంట్లో ఉండిపోతారు. అమ్మవారిని స్వయంగా తాకి పూజ చేసుకునే గుడి అది. "ఈ పాడు ఆలోచనతో ఎలా తాకను?" అన్నదే వాళ్ళ భయం. ఇదీ ఓసీడీయే.

బాలింతకి పసిబిడ్డని తానే ఏమైనా చేసేస్తానేమోనని భయం పట్టుకుంటుంది. కత్తిపీట దాచేస్తుంది, బిడ్డకి నీళ్ళు పోయమని అత్తగారికి ఇచ్చేస్తుంది. ఓసీడీలో ఇలాంటి ఆలోచన వచ్చేది ఆ పని చెయ్యాలని ఉండి కాదు. మనిషికి ఏది అన్నిటికన్నా అసహ్యమో, ఏది ప్రాణమో ఓసీడీ దాన్నే పట్టుకుంటుంది. అయితే భయం లేకుండా "చెయ్యాలి" అనే నమ్మకం కలిగినా, ఎవరో ఆదేశిస్తున్న గొంతులు వినిపించినా అది వేరే జబ్బు. తల్లినీ బిడ్డనీ ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

కొందరికి పైకి ఏ పనీ ఉండదు. మనసులోనే లెక్కపెట్టడం, మంత్రం తిరిగి చదవడం, నిన్నటి సంభాషణని మొదటి నుంచి నెమరేసుకోవడం. ఇవీ కంపల్షన్లే.

## 2. వారం రోజులు చిట్టా రాయండి

ఫోన్‌లో వద్దు, కాగితం మీద రాయండి. ఫోన్ తీస్తే వెతుకులాట మొదలవుతుంది. ఐదు గడులు గీసుకోండి: ఎప్పుడు, ఏ ఆలోచన, భయం వందకి ఎంత, ఏం చేశాను, ఎంతసేపు పట్టింది.

నా పాత కాగితంలో ఒక వరస ఇలా ఉంది: "ఉదయం 8:40. తాళం పడలేదేమో. 70. పదకొండుసార్లు లాగాను, ఫొటో తీశాను, బస్‌స్టాప్ నుంచి తిరిగొచ్చాను. 35 నిమిషాలు."

చిట్టాలో చాలామంది వదిలేసేవి:

- తప్పించుకునేవి: వెళ్ళడం మానేసిన చోట్లు, ముట్టుకోని వస్తువులు, కలవని మనుషులు
- మనసులో చేసేవి
- ఇంట్లోవాళ్ళ చేత చేయించేవి, వాళ్ళని పదే పదే అడిగేవి
- గూగుల్‌లో వెతికినవి

ఒక హెచ్చరిక. చిట్టాని తప్పు లేకుండా రాయాలని కొట్టేసి, దిద్ది, తిరగరాస్తుంటే ఓసీడీ ఆ పనిలోకీ దూరిందన్నమాట. గజిబిజిగా రాసినా పరవాలేదు.

దీనితో పాటు ఇంతవరకు వాడిన మందుల పాత చీటీలు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటిది ఉందా అన్న సమాచారం, రోజూ మీతో ఉండే మనిషి ఒకరు కావాలి. మొదటి రోజు అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

## 3. ఎవరి దగ్గరికి వెళ్ళాలి

ఇద్దరు వేర్వేరు మనుషులు కావాలి. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ మీద మానసిక వైద్యం చదివిన డాక్టరు. జబ్బు నిర్ధారించి మందు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు థెరపీ చేస్తారు, మందు రాయరు. "కౌన్సెలర్" అన్న బోర్డు సరైన చదువు లేనివాళ్ళూ పెట్టుకుంటారు. అందుకే క్లినికల్ సైకాలజిస్టుని రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడగడం మర్యాద తక్కువ పనేమీ కాదు.

డబ్బు ఇబ్బంది ఉంటే చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకి వెళ్ళండి. ఆంధ్రా మెడికల్ కాలేజీకి అనుబంధ ఆసుపత్రి అది. మనూళ్ళో చినవాల్తేరు పేరు వెక్కిరింతకి వాడతారని తెలుసు. నేనూ చిన్నప్పుడు వాడాను. ఓపీ చీటీ తీసుకుని చూపించుకుని ఇంటికొచ్చేవాళ్ళు అక్కడ రోజూ ఉంటారు. చూపించుకోవడానికి వెళ్తే చేర్చేసుకుంటారన్న భయం అక్కర్లేదు.

ఇల్లు కదలలేని స్థితిలో ఉంటే 14416కి ఫోన్ చెయ్యండి. ఇది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ఈ వ్యాసం చదవడం ఇక్కడే ఆపి, ముందు పక్కనున్న మనిషికి చెప్పండి, ఆ నంబరుకి చెయ్యండి. ఏదైనా చేసుకునేలా ఉంటే నేరుగా దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి.

థెరపిస్టుకి ఫోన్ చేసినప్పుడు ఈ నాలుగూ అడగండి:

- ఓసీడీకి ఈఆర్‌పీ (భయపెట్టే దాని ఎదుట నిలబడి, అలవాటు పని చెయ్యకుండా ఉండే థెరపీ, వివరం 6లో) చేస్తారా? ఇదివరకు చేశారా?
- సెషన్‌కీ సెషన్‌కీ మధ్య ఇంట్లో చెయ్యాల్సిన పని ఇస్తారా?
- ఇంట్లోవాళ్ళతో కూడా మాట్లాడతారా?
- సెషన్ ఎంతసేపు, ఫీజెంత, తెలుగులో జరుగుతుందా?

"ఈఆర్‌పీ అంటే?" అని మిమ్మల్నే ఎదురడిగితే దణ్ణం పెట్టి ఫోన్ పెట్టేయండి. నేను ఒకరి దగ్గర ఆరు నెలలు కళ్ళు మూసుకుని ఊపిరి తీసి వదిలాను, చిన్ననాటి సంగతులన్నీ చెప్పుకున్నాను. మనిషి మంచివారే. తాళం మాత్రం పదకొండుసార్లే లాగుతూ వచ్చాను.

ఊళ్ళో తగినవాళ్ళు దొరక్కపోతే వీడియో కాల్‌లో థెరపీ బాగానే పనిచేస్తుంది. భయం పుట్టేది మీ వంటింట్లో కాబట్టి ఫోన్‌ని గ్యాస్ పొయ్యి ముందే నిలబెట్టి సెషన్ చెయ్యొచ్చు. మందుకీ థెరపీకీ లొంగని మొండి ఓసీడీ అయితే బెంగళూరులోని నిమ్‌హాన్స్ మానసిక వైద్య సంస్థలో దీనికోసమే ప్రత్యేక క్లినిక్ ఉంది. స్థానిక డాక్టరు రాసిన వివరాలు పట్టుకుని వెళ్ళండి.

## 4. మొదటి రోజు చెప్పాల్సినది చెప్పెయ్యండి

గదిలోకి వెళ్ళగానే చిట్టా చేతిలో పెట్టండి. నోటితో చెప్పలేని ఆలోచనైతే "ఇది పైకి చదవలేనండీ" అంటే చాలు. బిడ్డ గురించి, దేవుడి గురించి, కామం గురించి వచ్చే పాడు ఆలోచనలు వాళ్ళు విననివి కావు. మీరు చెప్పింది గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉంది.

సాధారణంగా వై-బాక్స్ అనే పది ప్రశ్నల కొలత వాడతారు. మొత్తం 40. సుమారుగా 8 నుంచి 15 తేలిక, 16 నుంచి 23 మధ్యస్థం, 24, ఆపైన తీవ్రం. మీ అంకె అడిగి రాసుకోండి. మూడు నెలల తరవాత "తగ్గిందా?" అన్న ప్రశ్నకి మీ మూడ్ బట్టి కాకుండా ఆ అంకె బట్టి జవాబు దొరుకుతుంది.

## 5. మందుల సంగతి

తేలికపాటి ఓసీడీకి థెరపీ ఒక్కటే సరిపోవచ్చు. తీవ్రమైతే రెండూ కలిపి నడుస్తాయి. సాధారణంగా రాసేవి ఫ్లూఓక్సెటీన్, సెర్ట్రాలిన్, ఫ్లూవోక్సమీన్, ఎస్సిటాలోప్రామ్ లాంటివి. ఇవి పనిచెయ్యకపోతే క్లోమిప్రమీన్ అనే పాత మందు ఉంది.

ఇవి డిప్రెషన్‌కీ వాడే మందులే. ఓసీడీకి తరచూ డోసు ఎక్కువ కావాలి, ఓపికా ఎక్కువే కావాలి. సరైన డోసులో 8 నుంచి 12 వారాలు వాడితే గానీ పనిచేస్తోందో లేదో తేలదు. మూడో వారంలో "ఏం లాభం లేదు" అని మానేసేవాళ్ళూ ఉంటారు.

మొదటి వారాల్లో వికారం, నిద్ర తేడా, గాభరా ఉండొచ్చు. లైంగిక ఇబ్బందులూ రావచ్చు, మొహమాటపడకుండా చెప్పండి, దానికీ మార్గాలున్నాయి. 25 ఏళ్ళ లోపువాళ్ళకి మందు మొదలుపెట్టినప్పుడూ డోసు మార్చినప్పుడూ చనిపోవాలన్న ఆలోచనలు పెరుగుతున్నాయేమో ఇంట్లోవాళ్ళు గమనించాలి. గర్భవతులూ పాలిచ్చే తల్లులూ ఆ సంగతి ముందే చెప్పాలి.

బాగయ్యాక కూడా కనీసం ఏడాది, చాలామందికి అంతకన్నా ఎక్కువ కాలం కొనసాగిస్తారు. ఆపడం డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం మెల్లగా జరగాలి. ఊరికి వెళ్తూ స్ట్రిప్పు మర్చిపోయి నాలుగు రోజులు మందు పడకపోతే తల తిరుగుడు, చిరాకు మొదలై జబ్బే తిరగబెట్టిందనుకుంటారు. బ్యాగులో ఒక స్ట్రిప్పు ఎప్పుడూ ఉండాలి.

## 6. ఈఆర్‌పీ: మెట్లు కట్టి ఎక్కడం

పేరు ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్. భయపెట్టే దాని ఎదుట కావాలని నిలబడటం, నిలబడ్డాక చేసే అలవాటు పని చెయ్యకపోవడం. రెండూ కావాలి. బస్సు రాడ్ పట్టుకోవడం సగమే. దిగాక శానిటైజర్ రాసుకోకపోవడం మిగతా సగం.

సాధారణంగా 12 నుంచి 20 సెషన్లు పడతాయి. మెట్లు మీరూ థెరపిస్టూ కలిసి కడతారు. బయటి మురికి అంటే భయమున్న మనిషికి, వందకి ఎంత భయమో లెక్కేసి, ఇలా ఉండొచ్చు:

- 25: వీధి తలుపు గడియ పట్టుకుని, అరగంట చేతులు కడగకపోవడం
- 40: పూర్ణా మార్కెట్‌లో చిల్లరగా వచ్చిన నలిగిన నోటుని చొక్కా జేబులో పెట్టుకోవడం
- 55: సిటీ బస్సులో రాడ్ పట్టుకుని నిలబడి, అదే చేత్తో ఫోన్ మాట్లాడటం
- 70: ఆర్టీసీ కాంప్లెక్స్ బల్ల మీద కూర్చున్న బట్టలతోనే ఇంట్లో సోఫాలో కూర్చోవడం
- 85: అవే బట్టలతో సొంత మంచం మీద, దిండు మీద తల పెట్టి పడుకోవడం

అన్నం ముందు, మరుగుదొడ్డి తరవాత చేతులు కడగడం మానమని ఎవరూ అనరు. సబ్బుతో ఒక్కసారి, 20 సెకన్లు. ముగించి బయటికి రావాలి.

ఒక్కో మెట్టూ ఎక్కే తీరు:

- మొదలుపెట్టే ముందు మీ భయం ఏం చెబుతోందో ఒక్క వాక్యం రాయండి. "చేతులు కడగకపోతే ఈ రాత్రికి పాపకి జ్వరం వస్తుంది." "ఈ గాభరాకి నేను తట్టుకోలేను."
- పని చెయ్యండి. భయాన్ని అంకెల్లో గమనించండి. తగ్గించడానికి ఏమీ చెయ్యకండి, పాటలు పెట్టుకోకండి, మనసులో జపం చెయ్యకండి.
- భయం సున్నా అవ్వాలని ఎదురుచూడకండి. కొన్నిసార్లు తగ్గుతుంది, కొన్నిసార్లు తగ్గదు. తగ్గకపోయినా అలవాటు పని చెయ్యకుండా ఉండగలిగితే ఆ మెట్టు ఎక్కినట్టే.
- చివర్లో మొదటి వాక్యం తీసి చదవండి. ఏం జరిగింది, ఏం జరగలేదు రాయండి.
- అదే మెట్టు రోజూ చెయ్యండి. తరవాత చోటు మార్చండి. ఇంట్లో గెలిచింది అత్తగారింట్లో ఓడిపోవచ్చు.

తాళం, గ్యాస్ రకానికి మెట్లు ఇంకో తీరులో ఉంటాయి. నాబ్ ఒక్కసారి కట్టి, తాళం ఒక్కసారి వేసి, వెనక్కి చూడకుండా వీధి చివరిదాకా. తరవాత ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆఫీసుదాకా. తరవాత రాత్రి ఊళ్ళో లేనప్పుడు. దారిలో మనసు "కట్టావా?" అని అడిగితే నేను నేర్చుకున్న జవాబు ఇది: "కట్టి ఉండొచ్చు, కట్టకపోయి ఉండొచ్చు. నేను ఆఫీసుకి వెళ్తున్నా." "కచ్చితంగా కట్టాను" అనకూడదు. ఓసీడీకి కావాల్సిందే ఆ కచ్చితం. ఎంత పెట్టినా దాని కడుపు నిండదు.

దేవుడి గురించిన ఆలోచనలకి మెట్లు కట్టడం సున్నితమైన పని. థెరపిస్టు మీ భక్తికి ఎదురు వెళ్ళనక్కర్లేదు, మీరూ వెళ్ళనక్కర్లేదు. మొదట గుడి వీధిలో నడవడం, తరవాత వరసలో నిలబడటం, చివరికి పాడు ఆలోచన మనసులో ఉండగానే అమ్మవారిని తాకి, పసుపు కుంకుమ పెట్టి, చెంపలు వేసుకోకుండా బయటికి రావడం. ఆచారం ఎంతవరకో తేలకపోతే ఇంటి పురోహితుణ్ణి ఒక్కసారి అడగండి. రెండోసారి అడగాలనిపిస్తే అది ఓసీడీ అడుగుతోంది.

పైకి పని లేని, అంతా మనసులోనే జరిగే రకానికి భయపెట్టే వాక్యాన్ని సొంత గొంతుతో రికార్డు చేసి వినిపిస్తారు. దీన్ని ఒంటరిగా మొదలుపెట్టకండి. మంచి థెరపిస్టు లేకుండా చేస్తే అదీ నెమరువేతగా మారిపోతుంది.

## 7. ఇంట్లోవాళ్ళు చెయ్యాల్సింది

"అమ్మా, గ్యాస్ కట్టేశానా?" "కట్టేశావు నాన్నా." ఇందులో తప్పేముంది? రోజుకి ముప్ఫైసార్లు జరిగితే, అమ్మ కూడా కంపల్షన్‌లో భాగమైపోయింది. పాపం ఆవిడ ప్రేమతోనే చెప్పింది.

ఉన్నట్టుండి ఆపేస్తే ఇంట్లో యుద్ధమే. థెరపిస్టు ముందు కూర్చుని ఒప్పందం చేసుకోండి. మొదటి వారం ఒక్క ప్రశ్నకి ఒక్కసారే జవాబు. రెండో వారం నుంచి ఈ మాట: "ఇది ఓసీడీ అడుగుతోందిరా. దానికి నేను చెప్పను. నీకు కష్టంగా ఉందని తెలుసు, నీ పక్కనే కూర్చుంటాను."

మోటారు కట్టేసి స్నానం ఆపించడం, మడిబట్టని కావాలని ముట్టుకోవడం, "ఇంత చదువుకున్నావు, ఆ మాత్రం తెలీదా?" అనడం ఈఆర్‌పీ కాదు. ఎక్స్‌పోజర్ ఎప్పుడూ రోగి ఒప్పుకుని, తానే చేసేది. దిష్టి తీయించినా, తాయెత్తు కట్టించినా నేను గొడవ పడను. అది థెరపీ రోజు మాన్పించకపోతే చాలు.

## 8. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

తాళానికి ఫొటో తీసుకోవడం. తెలివైన పనిలా ఉంటుంది కానీ తాళం లాగడం పోయి ఫొటో చూడటం వచ్చింది, అంతే. ఫొటోలు తీసెయ్యండి, తియ్యడం మానండి.

బాధ్యత ఇంకొకరి నెత్తిన పెట్టడం. తాళం భార్య వేస్తే మీకు భయం ఉండదు. అదీ తప్పించుకోవడమే. వారంలో నాలుగు రోజులు ఆఖరున మీరే బయటికి రండి.

ఆలోచనని తరిమెయ్యాలని చూడటం. మణికట్టుకి రబ్బరు బ్యాండు వేసుకుని చిటుక్కుమనిపించే సలహా ఇప్పటికీ ఇస్తున్నారు. తరిమిన కొద్దీ ఆలోచన పెరుగుతుంది. రానివ్వండి, దానితోనే కూర పొయ్యి మీద పెట్టండి.

పై మెట్టు నుంచి దూకడం. "ఒక్కరోజులో తేల్చేస్తా" అని మంచం దగ్గర మొదలుపెట్టి, రాత్రి పన్నెండింటికి దుప్పట్లన్నీ ఉతుకుతారు. ఒక మెట్టు దిగి మళ్ళీ మొదలుపెట్టండి. ఓడిపోయి కడిగేసుకున్నా, వెంటనే గడియని మళ్ళీ ముట్టుకోండి. కడగడం వల్ల వచ్చిన హాయి చెడిపోతుంది, అది మంచిదే.

ఓసీడీ గురించి రాత్రంతా చదవడం. "నాది నిజంగా ఓసీడీనా, లేక నేను చెడ్డవాణ్ణా?" అని వెతుకుతుంటే అదే కంపల్షన్. ఈ వ్యాసం కూడా ఒక్కసారే చదవండి.

పండగ తరవాత మొదలుపెడదామనుకోవడం. సంక్రాంతి అయ్యాక పరీక్షలు, పరీక్షలయ్యాక పెళ్ళిళ్ళు వస్తాయి. రోజుకి అరగంట ఈ వారం నుంచే తియ్యండి.

## 9. తిరగబెడితే

ఉద్యోగం మారినప్పుడు, ఇల్లు మారినప్పుడు, బిడ్డ పుట్టినప్పుడు, నిద్ర చాలనప్పుడు ఓసీడీ మళ్ళీ తలెత్తడం మామూలే. కొన్నిసార్లు వేషం మార్చుకుని వస్తుంది. గ్యాస్ పోయి ఈమెయిల్ అవుతుంది, పంపినదాన్ని పదిసార్లు చదివిస్తుంది. గానుగ మాత్రం అదే.

అలాంటప్పుడు చెయ్యాల్సిన పనులు ఇవి: వారం చిట్టా మళ్ళీ రాయండి, అన్నిటికన్నా కింది మెట్టు రోజూ ఎక్కండి, ఇంట్లో ఒప్పందం గుర్తు చెయ్యండి. రెండు వారాల్లో సర్దుకోకపోతే థెరపిస్టుతో రెండు మూడు సెషన్లు పెట్టుకోండి. మందు డోసు మీరే పెంచుకోకండి.

పాత చిట్టాని పారెయ్యకుండా బీరువాలో దాచుకోండి. మెట్లు కట్టినప్పుడు వేసుకున్న అంకెలు అందులోనే ఉంటాయి. మళ్ళీ అవసరమైన రోజున కొత్తగా లెక్కేసుకునే పని తప్పుతుంది.